రిజ్వానా పర్మిషన్

ఫర్హీన్ గోళ్ల చివర మెహెందీ ఇంకా సన్నటి నెలవంకల్లా మిగిలే ఉంది. కీబోర్డు మీద వేళ్లు పెట్టినప్పుడల్లా అది చూసుకోవడం, ఒక అక్షరం తప్పు కొట్టడం, తనలో తనే నవ్వుకోవడం. పెళ్లయి ముప్పై ఎనిమిది రోజులు. లెక్కపెడుతున్నట్టు ఎవరికీ చెప్పలేదు. సితారా ఫోటో స్టూడియోకు ఆమె రావడం మాత్రం ఈ సోమవారమే మొదలు.

నారాయణఖేడ్ బస్టాండు ఎదురు వరుసలో, మందుల షాపుకూ చెప్పుల షాపుకూ మధ్య ఉంటుంది స్టూడియో. ముందు కౌంటరు, దాని వెనక కంప్యూటరు, ఆ వెనక నీలం పరదా. పరదా అవతల ఒక స్టూలు, రెండు గొడుగు లైట్లు, గోడకు తాడుతో కట్టిన అద్దం, అద్దం కింద పౌడరు డబ్బా. ఆ డబ్బా ఫర్హీన్‌కు భలే నచ్చింది. చిన్నప్పుడు జహీరాబాద్‌లో తన అబ్బా వేలు పట్టుకొని ఫోటో దిగడానికి పోతే, స్టూడియో ఆయన ఇట్లాగే డబ్బా తెరిచి మొఖానికి పౌడరు అద్దేవాడు. ఫోటోలో ఆమె ఒక్కతే పిండిలో పడి లేచినట్టు తెల్లగా పడేది.

"అద్దంల ఎంతసేపు చూసుకుంటవ్? ఇటు రా, పనున్నది" అన్నాడు ఆమె భర్త తన్వీర్. ఆమె వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. ఒక్క గ్లాసు చాయ్ ఇద్దరి మధ్యా పెట్టాడు.

నర్సింగ్ సేటు బిడ్డ పెళ్లి ఆల్బం మొదలుపెట్టాలి. దానికి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. అది నలభై జీబీ ఖాళీ అడుగుతోంది. కంప్యూటరు నిండిపోయి ఎర్రగీత చూపిస్తోంది. జాగా అంతా తిన్నది ఒకే ఫోల్డరు. పేరు అమానత్. అంటే నమ్మి అప్పగించిన వస్తువు, అడిగిన రోజు తిరిగి ఇచ్చేదాకా దాచిపెట్టేది.

"సూడు, నీ ముంగటనే కొడుతున్న" అంటూ తన్వీర్ డిలీట్ నొక్కాడు. తెర మీద ఒక డబ్బా తెరుచుకుంది. ఈ ఫోల్డరులో మార్పు చేయాలంటే రిజ్వానా పర్మిషన్ కావాలని అందులో ఇంగ్లీషులో రాసి ఉంది.

"సదివినవా? మా ఆపా తాళమేసి పోయింది. మూడేండ్ల సంది ఎప్పుడు కొట్టినా గిదే రాత."

రిజ్వానా తన్వీర్ అక్క. అతను హైదరాబాద్ నుంచి వచ్చి షాపు చేతిలోకి తీసుకునేదాకా పదకొండేళ్లు ఈ కుర్చీలో కూర్చున్నది ఆమే.

"ఎందుకు వేశారని అడగలేదా?"

"తాళమేసినోళ్లను తాళంచెవి ఇయ్యుమని నేనెందుకడగాలె? ఇగ నేనొచ్చిన గదా ఆపా, నువ్వు ఇంట్ల ఆరాం చెయ్యి అన్న. గది తప్పా? గా మాటకు గిట్ల జేసిపోయింది." చాయ్ ఒక గుక్క తాగి గ్లాసు ఆమె వైపు జరిపాడు. "కాపీ కొట్టి వేరే డిస్కుల ఏద్దామంటే కాపీ గూడ గాదు. గురువారం దాక సూస్త. పోకుంటే మొత్తం ఫార్మాట్ కొడుత."

"ఫార్మాట్ కొడితే అందులో ఉన్న ఫోటోలన్నీ పోతయ్ గదా?"

"పోనీ. గది నా కండ్ల ముంగట ఉండొద్దు."

ఆ మాట అన్నప్పుడు అతని చెవులు ఎర్రబడ్డాయి. ఫర్హీన్ మామూలుగా ఆ చెవులు చూసి మురిసిపోయేది. ఇప్పుడు మురిపెం రాలేదు. ఇంట్లో అక్కాతమ్ముళ్ల మాటలు ఉప్పు, నీళ్లు, కరెంటు దాటి పోవు. ఉప్పు అంటే ఉప్పు గిన్నె జరుగుతుంది. అంతే. ఎందుకో ఆమెకు ఇవాళ తెలిసింది. ఆ తాళమే. డిగ్రీలో మూడేళ్లు కంప్యూటర్లు చదివింది తను. ఈ తాళం తీస్తే ఇంట్లో నోళ్లు కూడా తెరుచుకుంటాయని ఆమెకు గట్టిగా అనిపించింది.

సాయంత్రం ఇంటికి రాగానే రిజ్వానా పక్కన చాప మీద కూలబడింది. రిజ్వానా బట్టల మిషన్ మీద ఎవరిదో జాకెట్టు చేతులు కుడుతోంది. పెదాల మధ్య నాలుగు గుండుసూదులున్నాయి.

"ఆపా, షాపుల కంప్యూటర్ల మీ ఫోల్డర్ ఒకటున్నది. అమానత్ అని."

తిరుగుతున్న చక్రం మీద రిజ్వానా అరచెయ్యి పెట్టి ఆపింది. సూదులు ఒక్కొక్కటే తీసి దూది దిండుకు గుచ్చింది.

"ఇంక ఉన్నదా?"

"ఉంది. తీద్దామంటే పోతలేదు. మీరు తాళం ఏమన్న..."

"తాళమా?" ఆమె ఫర్హీన్ మొఖంలోకి చూసి, వెంటనే బట్ట వైపు తిరిగింది. "దుల్హన్, నువ్వు పొద్దున సంది ఏమన్న తిన్నవా? పో, గిన్నెల కిచిడీ ఉన్నది."

చక్రం మళ్లీ తిరిగింది. మర్నాడు పొద్దున ఫర్హీన్ వాకిలి ఊడ్చి లోపలికి వస్తుంటే, రిజ్వానా కిటికీ దగ్గర కూర్చొని జాకెట్టు చెయ్యి ఒకదాని కుట్లన్నీ విప్పుతోంది. తిరగేసి కుట్టిందట. అట్లా ఎన్నడూ జరగలేదని అత్త బాను బీ రెండుసార్లు అంది.

మంగళవారం తన్వీర్ సిర్గాపూర్‌లో ఏదో ఫంక్షన్‌కు కెమెరా పట్టుకొని పోయాడు. ఫర్హీన్ షాపులో ఒక్కతే. వేయించిన పల్లీల పొట్లం పక్కన పెట్టుకొని, తెర మీది ఆ డబ్బాను తీరికగా మళ్లీ చదివింది. ఆమెకు నవ్వొచ్చింది. ఇది తాళమే కాదు. రిజ్వానా రోజూ తన పేరుతో కంప్యూటరు తెరిచేది, కాబట్టి ఆమె చేసిన ప్రతి ఫోల్డరుకూ ఆమెనే యజమానిగా రాసుకుంది మిషను. తన్వీర్ వచ్చాక తనకో పేరు పెట్టుకున్నాడు. మిషను దృష్టిలో అతను పరాయివాడు. పరాయివాడు చెయ్యి పెడితే యజమాని పేరు చెప్పి ఆపింది. ఎవరూ ఏ తాళమూ వేయలేదు.

యజమాని పేరు మార్చే చోటు ఆమెకు తెలుసు. మార్చింది. వేల ఫైళ్లు ఒక్కొక్కటే తన్వీర్ పేరు మీదికి మారుతుంటే పల్లీలన్నీ అయిపోయాయి. ఇక పోతుందనుకొని, పరీక్షకని ఒక చిన్న ఫోల్డరు మీద డిలీట్ కొట్టింది. ఇంకో డబ్బా తెరుచుకుంది. పేరు చాలా పొడుగైంది, తగ్గించి మళ్లీ ప్రయత్నించమంటోంది.

పొడుగా? ఆమె ఆ ఫోల్డర్లను తెరవడం మొదలుపెట్టింది.

ఖేడ్ ఒక్కదాంట్లోనే నర్సింగులు పదిమంది ఉంటారు. సంగమ్మలు ఇంకా ఎక్కువ. ఉత్త పేరు రాస్తే ఎవరి ఫోటో ఎవరికి పోతుందో తెలియదు. అందుకని రిజ్వానా ముందు మండలం రాసింది, అందులో ఊరు, అందులో ఇల్లు, ఇంటి గుర్తు, అందులో ఫంక్షను. మనుషులు వచ్చి ఏం చెబితే అది కూడా పేరులోనే చేర్చుకుంటూ పోయింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ఫర్హీన్ ఒకటి పైకే చదివింది: 'బోరంచ జాతర – తప్పిపోయి దొర్కిన పిలగాడు – తల్లి ఏడుపు మొఖం మీదనే తీయమన్నది – వాళ్లాయన దుబాయి నుంచి వచ్చినంక తీస్కపోతడు.'

ఇంకోటి: 'పదో తరగతి గ్రూప్ ఫోటో – ముందు వరుసల ఎడమ దిక్కు మూడో పిల్ల కండ్లు తుడుసుకున్నది – ఆ పిల్లకు ఒక్కదానికి వేరే తీసి ఇయ్యాలె.'

ఇంకోటి తెరిస్తే 'సిద్దమ్మ పింఛను ఫోటో – కండ్లు మూసింది'. దాని లోపల 'మళ్ల పిలిచిన – మళ్ల మూసింది'. దాని లోపల 'ముచ్చట పెట్టుకుంట తీసిన – నవ్వి మూసింది'. అట్లా ఒకదాంట్లో ఒకటి అయిదు. అన్నిటికన్నా లోపలిది 'తెరిచింది, అల్‌హందులిల్లాహ్'. ఫర్హీన్ కౌంటరు మీద తల పెట్టుకొని నవ్వింది. మందుల షాపు అబ్బాయి ఇటు తొంగి చూసి పోయాడు.

మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా కలిపి రెండువందల అరవై అక్షరాలు దాటితే ఈ మిషను చేతులెత్తేస్తుంది. కానీ పై ఫోల్డరు పేరును ఎంత పొడిగించినా వద్దనదు. రిజ్వానా పైన పొడిగించిన ప్రతిసారీ లోపలివి ఇంకా లోతుకు దిగిపోయాయి. తెరవరాదు, కాపీ రాదు, చెరపరాదు. ఒక్క వరుస కమాండుతో మొత్తం తుడిచేసే దారి ఒకటి ఫర్హీన్ కాలేజీలో నేర్చుకుంది. అది తన్వీర్‌కు చెప్పకూడదని అప్పుడే నిశ్చయించుకుంది.

బీరువా మీద గీతల నోటుబుక్కు ఒకటి దొరికింది. ఒక్కో పొడుగు పేరును అందులో రాసుకొని, కంప్యూటరులో దాని చోట ఒకటి, రెండు, మూడు అని అంకె పెట్టడం మొదలుపెట్టింది. పేరు పొట్టిదైన వెంటనే లోపలి ఫోటోలు తెరుచుకుంటున్నాయి. మూసి ఉన్న కిటికీల్లోంచి మనుషులు ఒక్కొక్కరే మొఖం బయటపెట్టి చూసినట్టుంది. చెవులకు బుగుడీలు పెట్టుకున్న ముసలమ్మలు, కొత్త సైకిలు హ్యాండిలు వదలని పిల్లలు, చక్కెర మిల్లు పనికి వలస పోయేముందు కుటుంబమంతా నిలబడి దిగిన ఫోటోలు. వెనక అదే నీలం పరదా. అప్పుడది ఇంకా ముదురు రంగులో ఉంది.

బుధవారం పగటిపూట తన్వీర్ కౌంటరు దగ్గర పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిస్తుంటే, కల్హేర్ హన్మయ్య మెట్టెక్కాడు. భుజాన కొత్త తువ్వాల, చేతిలో పురుగుల మందు డబ్బా.

"ఏం సేటు, నా ఎద్దు ఫోటో దొర్కిందా?"

"లేదన్న గదా తాతా. ఎన్నిసార్లని వస్తవ్?"

"ఖేడ్‌కు వచ్చినప్పుడల్లా వస్త. నీ మెట్లేమన్న అరుగుతయా? గా పిల్ల, మీ అక్క, ఉన్నప్పుడు లేదనే మాటే రాకపోయేది."

తన్వీర్ కత్తెర ఆడిస్తూనే ఉన్నాడు. ఫర్హీన్ నోటుబుక్కు తిప్పింది.

"తాతా, ఎద్దు తెల్లదేనా?"

"తెల్లదే బిడ్డా. ఎడమ కొమ్ము జర కిందికుంటది."

'కల్హేర్ – హన్మయ్య – మొగులప్ప ఇంటెన్క ఇల్లు – ఎడ్లతోని ఫోటో – తెల్లదాని మొఖం మంచిగ పడలే – నేనే మళ్ల పోవాలె.' దాని లోపల 'మళ్ల పోయిన – ఈసారి పడ్డది'. ఫర్హీన్ తెరిచి ప్రింటు తీసింది. హన్మయ్య మందు డబ్బా కింద పెట్టి, రెండు చేతులూ ధోతికి తుడుచుకొని ఫోటో అందుకున్నాడు. దూరంగా పట్టుకున్నాడు, దగ్గరికి తెచ్చాడు.

"గిదే. గిదే మా సోమన్న. నడుమ నేనెందుకు నిలబడ్డ? దాని సగం కడుపు కనబడకుండ జేసిన" అని తనను తాను తిట్టుకున్నాడు. "ఇప్పుడు కొట్టంల ట్రాక్టరున్నది. దాన్ని పేరువెట్టి పిలిస్తె పలుకుతదా?"

తువ్వాల రెండు మడతల మధ్య ఫోటో పెట్టి, నలగకుండా అరచేతుల మీద మోసుకుంటూ మెట్లు దిగాడు. మందు డబ్బా మరిచాడు. తన్వీర్ లేచి, దాన్ని రోడ్డు దాకా తీసుకుపోయి ఇచ్చి వచ్చాడు.

"అది ఎట్ల తెరిచినవ్? తాళం?"

"తాళం లేనే లేదు" అంది ఫర్హీన్. యజమాని సంగతి, పేర్ల పొడుగు సంగతి, నోటుబుక్కులో చూపిస్తూ మొత్తం చెప్పింది. చెబుతున్నంతసేపూ గాజులు మోగాయి. "మీరు చేసిన ఫోల్డరు నేను నా పేరుతోని తీయబోతే, తన్వీర్ పర్మిషన్ కావాలె అంటది. మీరు నాకు తాళం వేసినట్టా?"

తన్వీర్ కత్తెర అందుకున్నాడు. ఎవరిదో ఫోటోలో చెవి సగం తెగింది. ఆ ముక్కలు చెత్తబుట్టలో వేసి, మళ్లీ ప్రింటు తీయడానికి లేవబోయి, లేవకుండానే కూర్చుండిపోయాడు.

"మూడేండ్లు" అన్నాడు. "నువ్వే చెప్పు ఆపాకు."

"ఏమని చెప్పాలె?"

"ఏమో. నాకు తెల్వదు."

గురువారం పొద్దున ఫర్హీన్ నోటుబుక్కు పట్టుకొని రిజ్వానా మిషన్ ముందు నిలబడింది.

"నేను రాను" అంది రిజ్వానా, అడగకముందే.

"ఎవరికి ఇచ్చిండ్రో, ఎవరికి ఇయ్యలేదో మీకే తెలుసు ఆపా. ఇయ్యాల జాగా కావాలె. మీరు రాకుంటే అన్నీ పోతయ్."

"పోనీ."

ఈ ఇంట్లో అక్కాతమ్ముళ్లిద్దరికీ ఒకటే మాట వచ్చినట్టుంది. ఫర్హీన్ నోటుబుక్కు తెరిచి, వార్తలు చదివే గొంతుతో చదివింది: "సిద్దమ్మ పింఛను ఫోటో. కండ్లు మూసింది. మళ్ల పిలిచిన, మళ్ల మూసింది. ముచ్చట పెట్టుకుంట తీసిన..."

"నవ్వి మూసింది" అంది రిజ్వానా. అనేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఈ నలభై ఒక్క రోజుల్లో ఆమె నవ్వు ఫర్హీన్ వినడం ఇదే మొదటిసారి. సన్నగా, చిన్నపిల్ల నవ్వులా ఉంది. "గామెకు లైటు పడితే భయ్యం. చివరకు లైట్లన్నీ బందు వెట్టి, వాకిట్ల ఎండల నిలవెట్టి తీసిన." కొక్కానికున్న బురఖా వైపు చూసింది. చాలాసేపు చూసి, లేచింది.

షాపులోకి రాగానే తన్వీర్ నిలబడ్డాడు. రిజ్వానా కుర్చీ వైపు పోలేదు. గిరాకీలు కూర్చునే స్టూలు లాక్కొని దాని అంచున కూర్చుంది. ముగ్గురూ ఒకచోట ఉన్నారు కదా అని ఫర్హీన్‌కు ఆనందం ఆగలేదు.

"ఆపా, మీరు తాళం వేసిండ్రని ఈయన ఇన్నేండ్లు అనుకున్నడు. తాళం లేదు, ఏం లేదు. మీరు పేర్లు మంచిగ, పూర్తిగ రాసిండ్రు, అంతే. మీ తప్పు ఇసుమంత లేదు."

"ఆగు దుల్హన్" అంది రిజ్వానా. బురఖా ముసుగు వెనక్కి వేసింది. తన్వీర్‌ను చూడలేదు, నీలం పరదాను చూస్తూ మాట్లాడింది. "నన్ను ఆరాం చెయ్యి అన్నవ్ సూడు, గా రోజు. నువ్వు నమాజుకు పోయినవ్. నేను గీ కుర్చీలనే ఉన్న. మొత్తం తీసేద్దామని డిలీట్ కొట్టిన."

తన్వీర్ తల ఎత్తాడు.

"గిరాకీలు వచ్చి అడిగితే వీడు ఏం మొఖం వెట్టుకుంటడో సూద్దామనుకున్న. పోలే. మళ్ల కొట్టిన. నువ్వొచ్చేదాక కొడుతనే ఉన్న, ఏడుసుకుంట. ఒక్కటి గూడ పోలే." ఆమె ఒళ్లో చేతివేళ్లు ముడిపడి ఉన్నాయి. "ఇంటికి పోయినంక సిగ్గయింది. నీ మీద గుస్సాతోని వాళ్ల ఫోటోలు నాశనం జేయవోయిన. సిద్దమ్మ నన్నేమన్నది? గా హన్మయ్య ఏమన్నడు? నేనే అమానత్ అని పేరు వెట్టి, నేనే... అప్పటి సంది షాపు దిక్కు రాలే. మీరందరు గుస్సా అనుకున్నరు. గుస్సా ఎప్పుడో పోయింది."

ఆ రోజు యజమానిని కూడా ఆపినవి ఈ పొడుగు పేర్లే అని ఫర్హీన్‌కు అర్థమైంది. నోటుబుక్కు మూసింది. తాళం లేదని తేలితే అంతా తేలిపోతుందని అనుకుంది. ఇప్పుడు ఎవరి వైపు చూడాలో తెలియలేదు. బయట బీదర్ బస్సు హారను కొట్టి, జనాన్ని ఎక్కించుకొని, పోయింది.

"నేను గూడ మూడేండ్ల సంది కొడుతనే ఉన్న" అన్నాడు తన్వీర్. "ఆపా, నేను మంచికే అన్న. పదకొండేండ్లు కష్టపడ్డవ్, ఇగ జర..."

"అలిసిపోయిన అని నేనెప్పుడన్న చెప్పిన్నా?"

తన్వీర్ కుర్చీ దగ్గర్నుంచి పక్కకు జరిగి, కౌంటరు మీద పడిన కత్తిరింపు ముక్కల్ని వేలితో ఒకచోటికి నెడుతూ నిలబడ్డాడు.

రిజ్వానా ఫర్హీన్ వైపు తిరిగింది. "ఇప్పుడు కొడితే పోతదా?"

"పోతది ఆపా" అంది ఫర్హీన్, చిన్నగా.

"జరుగు."

రిజ్వానా వచ్చి కుర్చీలో కూర్చుంది. మౌసు పట్టుకున్న తీరు చూస్తే మూడేళ్లు దాటినట్టు లేదు. నోటుబుక్కు ఫర్హీన్ చేతిలో పెట్టి చదవమంది.

"రెండు. సిర్గాపూర్, భాగ్య సీమంతం."

"ఇచ్చిన. ఆల్బం గూడ ఇచ్చిన." డిలీట్.

"మూడు. పదో తరగతి..."

"ఇచ్చిన. గా పిల్లకు వేరే గూడ ఇచ్చిన." డిలీట్.

"అయ్యో ఆపా, అది మంచిగున్నది!"

"వాళ్ల ఇంట్ల గోడకు ఉన్నది గదా. మనమేం జేసుకుంటం? చదువు."

ఫర్హీన్‌కు రెండు రోజుల్లోనే ఆ పేర్ల మీద ఎంత ప్రేమ పుట్టిందంటే, ఒక్కొక్కటి పోతుంటే దాన్ని మళ్లీ చదవగలిగేంత సన్నటి గీతతోనే నోటుబుక్కులో కొట్టేసింది. పేర్లు పెట్టిన మనిషి మాత్రం కందిపప్పులో రాళ్లు ఏరినట్టు ఏరిపారేస్తోంది. "ఇచ్చిన. ఇచ్చిన. ముసలాయన సచ్చిపోయిండు, కొడుకులు తీస్కపోయిండ్రు." కొన్నిచోట్ల చెయ్యి ఆగింది. "ఇది ఉండనీ. దుబాయి ఆయన రాలే. తన్వీర్, ఆమె ఫోన్ నంబరు లోపల ఫైలుల ఉంటది, కలుపు." తన్వీర్ తన ఫోన్ తీసి, చెప్పిన నంబరు కొట్టాడు. పని చేయడం లేదు. "బోరంచ గుడి దగ్గర కొబ్బరికాయల దుకాణం పోశమ్మ వాళ్ల చెల్లెలే. పోయి చెప్పి రావాలె" అంది రిజ్వానా, తెర మీంచి కళ్లు తీయకుండా. "రేపు జుమ్మా నమాజు అయినంక పోయొస్త" అన్నాడు తన్వీర్.

మధ్యలో ఒక పిల్లాడిని ఎత్తుకొని ఒకామె మెట్టెక్కింది. రేషన్ కార్డుకు ఫోటో కావాలంది. తన్వీర్ కెమెరా అందుకోబోయి, ఆగి, అక్క వైపు చూశాడు. రిజ్వానా చూడలేదు. "నువ్వే తియ్యి. పిలగాడు ఏడుస్తడు, ముందు గానికి పౌడరు డబ్బా చేతికియ్యి" అంది. పరదా వెనక డబ్బా మూత ఠప్పున తెరుచుకున్న చప్పుడు, పిల్లాడు తుమ్మిన చప్పుడు వినిపించాయి.

సాయంత్రం అసర్ అజాన్ వేళకు యాభై రెండు జీబీ ఖాళీ అయింది. ఎర్రగీత నీలంగా మారింది. నోటుబుక్కులో ఇరవై మూడు పేర్లు కొట్టివేయకుండా మిగిలాయి. చాయ్ అబ్బాయి మూడు గ్లాసులు పెట్టి పోయాడు. కుర్చీలు రెండే. తన్వీర్ నిలబడే తాగాడు. సగం తాగి, గ్లాసును చేతిలో తిప్పుతూ అడిగాడు.

"ఆపా, రేపు ఎన్ని గంటలకు వస్తవ్?"

రిజ్వానా గ్లాసు కింద పెట్టింది. "ఇంట్ల వంట ఎవరు జేస్తరు?"

"నేను చేస్త ఆపా" అంది ఫర్హీన్.

"నువ్వా? మొన్న నువ్వు జేసిన ఖట్టా పులుసు తిని అమ్మీ రెండు చెంబుల నీళ్లు తాగింది."

తన్వీర్ గట్టిగా నవ్వాడు. ఫర్హీన్ మూతి ముడిచింది, కానీ లోపల ఆమెకు ఎగిరి గంతేయాలనిపించింది. రిజ్వానా మాత్రం నవ్వడం లేదు. తెర మీద ఖాళీగా ఉన్న నీలం గీతను చూస్తోంది.

"నర్సింగ్ సేటు బిడ్డ ఆల్బం ఎవరు జేస్తరు?" అంది.

"నువ్వే" అన్నాడు తన్వీర్.

"నాకు గీ కొత్త సాఫ్ట్‌వేర్ రాదు."

"నాకు గూడ రాదు. గీమెకు వస్తది. మన ఇద్దరికి నేర్పుతది."

తన్వీర్ పొడుగు మనిషి, అతనికి సరిపోయేలా ఎత్తు పెట్టిన కుర్చీలో రిజ్వానా కాళ్లు పొద్దుటి నుంచి నేలకు అందకుండా వేలాడుతున్నాయి. ఆమె వంగి, కూర్చునే పలక కింద చేత్తో తడిమి, పిడి దొరకగానే పైకి లాగింది. కుర్చీ బుస్సుమని కిందికి దిగింది. రెండు చెప్పులూ నేలకు ఆనాయి. ఆమె కుర్చీని ముందుకు జరుపుకొంది.